ఒండ్రు కింద రేవులు

మసిబారిన సీసపు నాణెం అది. ఒక ప్రదర్శనశాలలో అద్దం వెనక మొదటిసారి చూశాను. పక్క అరలోని బంగారు నాణేల ముందు జనం ఆగి చూస్తున్నారు. దీని ముందు ఎవరూ ఆగడం లేదు. అంచులు అరిగిపోయినా బొమ్మ తెలుస్తూనే ఉంది. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ, కొయ్యల నుంచి అటూ ఇటూ దిగిన తాళ్ళు, వెనక భాగాన నీళ్ళలోకి దింపిన పెద్ద తెడ్డు లాంటి చుక్కాని. రెండో వైపు శాతవాహనుల నాణేల మీద మామూలుగా కనిపించే ఉజ్జయిని గుర్తు. ఇలాంటి నాణేలు క్రీస్తుశకం 2వ శతాబ్దంలో, ముఖ్యంగా యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు మీద వెలువడ్డాయి. గుంటూరు ప్రాంతం నుంచి కింద తమిళ తీరం దాకా దొరికాయి.

ఆ బొమ్మ కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది దాని లోహం. బంగారు నాణెం పెద్ద వర్తకుల పెట్టెల్లో తిరుగుతుంది. సీసం చిల్లర డబ్బు. ఉప్పుకీ, కూరాకుకీ, కుండకీ చేతులు మారే డబ్బు. ఆ చిల్లర మీద రాజు ఓడ బొమ్మ వేయించాడంటే, సంతకొచ్చే మామూలు మనిషి కూడా దాన్ని చూసి ఇది ఫలానా అని గుర్తుపట్టగలిగాడన్నమాట. రెండు కొయ్యల ఓడ ఆనాటి తీరాంధ్రంలో జనం రోజూ చూసే వస్తువు.

ఆ ఓడల్లో ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. వెచ్చటి ఉప్పునీళ్ళలో చెక్కను తొలిచి తినే ఓడపురుగు కొద్ది ఏళ్ళలోనే పలకను జల్లెడ చేస్తుంది. మిగిలింది తేమా, చెదలూ చూసుకుంటాయి. ఈజిప్టు ఎడారి పొడి ఇసుకలో తాటాకంత పలచటి పత్రాలు కూడా రెండు వేల ఏళ్ళు నిలిచాయి. మనది తడి నేల. అందుకే మన నావికుల చరిత్ర వెతకాలంటే కోటలూ, శిథిలాలూ చాలవు. గాలినీ, కొబ్బరి పీచునీ, నది తెచ్చే ఒండ్రునీ చదవాలి. ఆ ఓడలను నడిపింది గాలి, కట్టి ఉంచింది పీచు. చివరికి వాటి రేవులను పాతిపెట్టింది ఒండ్రు.

ఘంటసాల అనగానే తెలుగువాడి చెవిలో పాట మోగుతుంది. కృష్ణా జిల్లాలోని ఆ ఊరికి అంతకంటే పాత పేరొకటి ఉంది, కంటకసేల. నాగార్జునకొండ శాసనంలోనూ ఆ పేరుంది. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ తన గ్రంథంలో 'కొంటకోస్సిల' అనే వర్తక రేవును పేర్కొన్నాడు. అది ఈ కంటకసేలేనని పండితులు పోల్చారు. కృష్ణానదిని ఆయన 'మైసోలోస్' అన్నాడు, ఆ ప్రాంతాన్ని 'మైసోలియా' అన్నాడు. అంతకు సుమారు వందేళ్ళ ముందు, ఎర్రసముద్రం నుంచి మన తీరం దాకా వ్యాపారమార్గాలను వివరిస్తూ పేరు తెలియని గ్రీకు వర్తకుడొకడు రాసిన 'పెరిప్లస్'లో కూడా 'మసాలియా' ఉంది. అక్కడ సన్నటి నూలుబట్ట విస్తారంగా నేస్తారని అతను రాసుకున్నాడు. ఇక ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకచోట 'మహానావిక' శివకుడనే పేరు కనిపిస్తుంది. రాజు కాదు, మంత్రి కాదు, ఓడ నడిపే పెద్ద. అతని పేరు రాతి మీదికెక్కింది.

ఇవాళ ఘంటసాలలో నిలబడి చుట్టూ చూస్తే వరిచేలు, పంటకాలువలు. సముద్రం చూడాలంటే బస్సెక్కి చాలాదూరం పోవాలి. ఆ సముద్రం ఎటు పోయిందన్న ప్రశ్న దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు గాలి సంగతి. తీరం ఊళ్ళలో వేటకెళ్ళేవాళ్ళు తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే పడవ నీళ్ళలోకి తోస్తారు. మధ్యాహ్నం దాటాక ఒడ్డుకొస్తారు. చేపల బేరం కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు. రాత్రంతా నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం నెమ్మదిగా చల్లబడుతుంది. అందుకని తెల్లవారేసరికి గాలి నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది. ఆ గాలి పడవను లోపలికి తీసుకెళ్తుంది. ఎండెక్కాక నేల కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. ఆ గాలి పడవను ఇంటికి తెస్తుంది. తెరచాప ఒక్కటే, గాలి మాత్రం పూటపూటకూ దిక్కు మారుతుంది.

రుతుపవనం ఇదే ఆట, కాకపోతే రోజుకు బదులు ఏడాది, ఊరి తీరానికి బదులు ఖండం. వేసవిలో ఆసియా నేల కాగిపోతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న సముద్రం మీంచి గాలి ఉత్తరానికి పరుగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ గాలి రేఖ దాటగానే కుడిపక్కకు ఒంగి నైరుతి నుంచి వీస్తుంది. చలికాలంలో నేల చల్లబడుతుంది, దిక్కు తిరగబడి ఈశాన్యం నుంచి వస్తుంది. రైతు కార్తెలు లెక్కపెట్టుకుని విత్తనం వేసినట్టే నావికుడు గాలి తిరిగే రోజులు లెక్కపెట్టుకుని లంగరెత్తేవాడు. మన తూర్పు తీరానికి ఇందులో ఒక చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం తుపానులకు నెలవు. అందుకని మచిలీపట్నం లాంటి రేవుల నుంచి బర్మా, మలయా వైపు వెళ్ళే ఓడలు వీలైతే సెప్టెంబరులో, నైరుతి గాలి తోక పట్టుకుని వెళ్ళేవి. లేదా తుపాను రోజులు దాటాక జనవరిలో బయల్దేరేవి.

అనుకూలమైన గాలి దొరికితే ఎంత వేగం వచ్చేదో ఫాహియాన్ ప్రయాణం చెబుతుంది. 5వ శతాబ్దం మొదట్లో ఈ చైనా భిక్షువు బెంగాల్లోని తామ్రలిప్తి దగ్గర వర్తక ఓడ ఎక్కి, చలికాలపు గాలితో 14 రోజుల్లో సింహళం చేరాడు. దూరం సుమారు 2 వేల కిలోమీటర్లు. అంటే రోజుకు దగ్గర దగ్గర 140 కిలోమీటర్లు, ఒక్క చుక్క నూనె కాల్చకుండా. ఆ తర్వాత సింహళం నుంచి ఆయన ఎక్కిన ఓడలో 200 మందికి పైగా ఉన్నారు. వెనక ఒక చిన్న పడవ కట్టుకుని పోయారు, పెద్ద ఓడకు ముప్పు వస్తే దిగడానికి. తుపాను రానే వచ్చింది. సరుకులు సముద్రంలోకి విసిరేశారు.

గాలి గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. వెళ్ళిన గాలి వెంటనే తిరిగిరాదు. అవతలి ఒడ్డు చేరిన ఓడ తిరుగు గాలి కోసం నెలల తరబడి అక్కడే ఉండాలి. సరుకు అమ్ముడయ్యాక కూడా మనుషులు ఉండిపోవాలి. అక్కడి అన్నం తింటారు, భాష నేర్చుకుంటారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, తమ దేవుడికి ఒక గుడి కట్టుకుంటారు. బర్మాలోని ప్యూ ప్రజల పాత పట్నం బెయిక్‌తానో తవ్వినప్పుడు బయటపడ్డ కట్టడాలు నాగార్జునకొండ విహారాలను గుర్తుచేస్తాయి. బాలి ద్వీపంలో సెంబిరన్ దగ్గర దొరికిన చక్రపు గీతల మట్టిపాత్రల పెంకులను పరీక్షిస్తే, ఆ మట్టి పుదుచ్చేరి దగ్గరి అరికమేడు పెంకుల మట్టితో సరిపోలింది. అంత దూరం చేరిన ఒక పళ్ళెం ముక్క! దండయాత్రలూ, రాజుల రాయబారాలూ చరిత్ర పుస్తకాల్లో ఎక్కువ చోటు తీసుకుంటాయి. నాకైతే సముద్రానికి అవతల మన లిపి, మన శిల్పం, మన బౌద్ధం వేళ్ళూనడానికి గాలి కోసం ఎదురుచూసిన ఆ ఖాళీ నెలలే ఎక్కువ కారణమనిపిస్తుంది.

ఇక పడవ. దీని దగ్గర కాసేపు కూర్చోవాలి.

చిన్నప్పుడు ఒక పల్లె ఒడ్డున పడవను విప్పుతుంటే చూశాను. విప్పడం అనే మాట సరైనదే. ఒడ్డు నుంచి లాగే అలివి వల వేయడానికి వాడే పడవ అది. ఒక్క మేకు లేదు. పలకల అంచుల పొడవునా బెత్తెడు దూరానికొకటి చొప్పున చిల్లులు. ఆ చిల్లుల్లో నుంచి కొబ్బరి పీచు తాడు అడ్డంగా, ఐమూలగా పోయి రెండు పలకలనూ పట్టుకుంటుంది. పలకలు కలిసేచోట కుట్టు కింద పీచు, గడ్డి కలిపిన మెత్త. అది తడిసి ఉబ్బి, సందు మూసుకుంటుంది. పాతబడిన తాడును ఇద్దరు మనుషులు తెంపుతున్నారు. మూడో మనిషి ఒక పలకను ఎండలో ఆరబెడుతున్నాడు. ఇంట్లో అమ్మ చిరిగిన బొంతను మళ్ళీ కుట్టడం లాగే ఉంది ఆ పని. ఈ పడవలను మద్రాసు తీరంలో 'మసూలా' పడవలనేవారు. పెద్ద ఓడల నుంచి మనుషులనూ సరుకులనూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవి ఇవే.

మేకులు ఎందుకు లేవు? ఇనుము చేయడం రాక కాదు. తెలంగాణలో కోనసముద్రం వంటి ఊళ్ళలో కాచిన ఉక్కును పర్షియా నుంచి వచ్చి మరీ కొనుక్కుపోయారు. 11వ శతాబ్దపు భోజరాజు పేరు మీద ఉన్న 'యుక్తికల్పతరువు' సముద్రపు ఓడకు ఇనుము వాడవద్దని చెబుతుంది. నీళ్ళలోని అయస్కాంత శిలలు దాన్ని లాగేస్తాయని అందులోని కారణం. అయస్కాంతపు కొండల కథ అరబ్బు దేశాల్లోనూ ఉంది. ఆ కారణం నిజం కాదు. కానీ సలహా మాత్రం బాగా పనిచేసింది. మంచి అలవాటుకు తప్పుడు కారణం చెప్పుకోవడం మనుషులకు కొత్తేమీ కాదు.

అసలు కారణం తెలియాలంటే నులక మంచం గుర్తుచేసుకోండి. చెక్కబల్ల మీద దబ్బున కూర్చుంటే నడుం అదురుతుంది. నులక మంచం మీద అదే దబ్బున కూర్చుంటే మంచం కొంచెం దిగి, బరువును అన్ని తాళ్ళకూ పంచుతుంది. దెబ్బలో ఉన్న బలం, ఆ దెబ్బ ఎంతసేపట్లో ఆగిందన్న దాని మీద ఆధారపడుతుంది. క్షణంలో వందో వంతులో ఆగితే విరుగుతుంది. అదే దెబ్బ పదిరెట్లు ఎక్కువసేపు తీసుకుంటే సగటు బలం పదో వంతుకు పడిపోతుంది. బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కోవడం ఇందుకే. మన తూర్పు తీరం ఎక్కువ భాగం తిన్నగా, ఇసుకగా, ఏ కొండ చాటూ లేకుండా ఉంటుంది. కెరటాలు ఒడ్డుకు వచ్చి విరిగి పడతాయి. మేకులతో బిగించిన గట్టి పడవ కెరటం మీంచి ఇసుక మీద పడితే పలకలు చీలుతాయి, మేకు చుట్టూ చెక్క పగులుతుంది. కుట్టిన పడవ ఒళ్ళు విరుచుకున్నట్టు మెలి తిరిగి మళ్ళీ సర్దుకుంటుంది. దానికి లోపల పక్కటెముకల్లాంటి అడ్డచట్రం కూడా ఉండదు. ఆ లేకపోవడమే దాని బలం. నులక వదులైతే బిగించినట్టు దీన్నీ ఏడాదికోసారి విప్పి కుట్టుకోవచ్చు. పుచ్చిన పలక ఒక్కదాన్నే మార్చుకోవచ్చు.

తాడు కూడా ఏదంటే అది పనికిరాదు. నూలు తాడు ఉప్పునీళ్ళలో కుళ్ళుతుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ అనే పదార్థం బరువులో 40 శాతం పైగా ఉంటుంది. చెక్కకు గట్టితనం ఇచ్చేది ఇదే. దాన్ని తినగలిగే సూక్ష్మజీవులు తక్కువ. అందుకే కొబ్బరి డొక్కలను ఉప్పుటేటి బురదలో నెలల తరబడి నానబెట్టినా, మెత్తటి భాగం మాత్రమే కుళ్ళి పీచు చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. బురదలో అన్ని నెలలు నిలిచిన పీచుకు సముద్రం ఒక లెక్క కాదు. పైగా తడిసినప్పుడు ఉబ్బి చిల్లును మూస్తుంది. పలకలకు బయట చేపనూనె పూస్తారు, కొన్నిచోట్ల చెట్టుబంకలు కలుపుతారు.

ఇలాంటి కుట్టు ఒడ్డు పడవలకే సరిపోతుందనీ, మహాసముద్రం దాటలేదనీ చాలాకాలం కొందరు అనుకున్నారు. 2010లో ఒమాన్‌లో కట్టిన 'జ్యువెల్ ఆఫ్ మస్కట్' అనే కుట్టు ఓడ మస్కట్ నుంచి బయల్దేరి, కొచ్చి మీదుగా సింగపూర్ చేరింది. దాని కుట్టులో కేరళ తాడు పనివాళ్ళ చేతులున్నాయి. మన నౌకాదళం 2025 మేలో కార్వార్‌లో 'కౌండిన్య' అనే కుట్టు ఓడను తన దళంలో చేర్చుకుంది. అజంతా గోడ మీద 5వ శతాబ్దపు చిత్రకారుడు వేసిన ఓడే దానికి నమూనా. ఆ చిత్రంలో కొలతల్లేవు, పక్కనుంచి చూసిన రూపం మాత్రమే ఉంది. కాబట్టి కట్టే వడ్రంగులు తమ చేతి అలవాటునూ, నౌకా ఇంజనీర్లు తమ లెక్కలనూ కలిపి మిగతాది పూరించుకోవలసి వచ్చింది. చేతిలో విద్య బతికున్నందువల్లే గోడమీద బొమ్మ మళ్ళీ నీళ్ళమీదికి దిగింది.

పడవల పేర్ల దగ్గర ఒక చిన్న ఆనందం. పెరిప్లస్ రాసినవాడు మన తూర్పు తీరంలో రెండు రకాల నావలను పేర్కొన్నాడు. దూరదేశాలకు పోయే చాలా పెద్దవి 'కొలందియా', దుంగలను జతచేసి కట్టినవి 'సంగర'. తెలుగులో రెండు పడవలను జతకట్టిన దాన్ని సంగడి అంటారు. జతగా ఉండే నేస్తం సంగడీడు. మలయాళంలో చంగాడం. గ్రీకువాడి చెవిన పడిన మాట ఈ కుటుంబంలోనిదేనని పండితులు కలిపి చూశారు. పడవను పడవకు కట్టే మాటే మనిషిని మనిషికి కట్టే మాటైంది.

ఒడ్డున పడవలుంటే చాలదు, ఒడ్డున న్యాయం కూడా ఉండాలి. ఈ సంగతి బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రాలయం దగ్గర రాతి స్తంభం మీద ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అది. అంతకు ముందు రాజులు, గాలివాన తగిలి దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా జప్తు చేసుకునేవారు. ఆ రోజుల్లో ఐరోపా తీరాల్లోని ప్రభువులూ అదే చేసేవారు. గణపతిదేవుడు ఆ హక్కును వదులుకున్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ప్రకటించాడు. ఆ సుంకం ముప్పైకి ఒక పాలు. శాసనంలో మంచిగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడం, మిరియాలు, పట్టుదారం, సీసం ఇలా సరుకుల పట్టీ ఉంది.

దీన్ని దయ అని శాసనం అంది. దయతోపాటు లెక్క కూడా ఉంది. ఓడ మునిగితే వర్తకుడు సముద్రం చేతిలో ఒకసారి నష్టపోతాడు. ఒడ్డున రాజు చేతిలో రెండోసారి నష్టపోతాడని తెలిస్తే ఆ రేవు వైపే రాడు. మోటుపల్లికి సహజమైన చాటు లేదు, లోతైన మడుగు లేదు. ఓడ దూరంగా లంగరు వేసి, సరుకు పడవల మీద దిగాలి. ప్రకృతి ఇవ్వని భద్రతను అక్కడ రాతి మీది మాట ఇచ్చింది. సముద్రం గురించి తెలుగు నేల మీద చెక్కిన వాటిలో ఇంతకంటే గొప్ప మాట నాకు కనిపించలేదు. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ రేవు గురించే. అక్కడ ఏలుతున్న రాణినీ, వజ్రాలనూ, సాలెగూడంత సన్నటి బట్టనూ అతను మెచ్చుకున్నాడు. ఆ తర్వాత రెడ్డిరాజుల కాలంలో అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడు ఎంతటివాడంటే, శ్రీనాథుడు 'హరవిలాసం' ఆయనకే అంకితమిచ్చాడు. సింహళం ఏనుగులూ, హొర్ముజ్ గుర్రాలూ, చైనా పట్టూ ఆ కావ్యంలో వరసగా వచ్చి నిలబడతాయి. మోటుపల్లి నేలలో చైనా పింగాణీ పెంకులు కూడా దొరికాయి.

ఇప్పుడు మోటుపల్లి ఒక చిన్న పల్లె.

మచిలీపట్నం కథ చాలామందికి తెలిసిందే. గోల్కొండ సుల్తానుల కాలంలో పెగూ, అచే, బందర్ అబ్బాస్, మోఖాల దాకా ఓడలు నడిచాయి. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే అక్కడ కోఠీ పెట్టారు. నరసాపురంలో గోదావరి మీంచి తేలివచ్చిన టేకుతో ఓడలు కట్టేవారు. ఐరోపావాళ్ళు కూడా అక్కడికొచ్చి కట్టించుకున్నారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నంలో 30 వేల మందిని తీసుకుపోయింది. ఆ దెబ్బ నుంచి రేవు మళ్ళీ మునుపటిలా లేవలేదు.

కానీ ఒండ్రు కథ చెప్పడానికి కోరంగిని మించిన చోటు లేదు.

గోదావరి వరదనీళ్ళు కుండలో పట్టి చూడండి. ఎర్రటి బురద రోజంతా తేరుకోదు. మట్టి రేణువుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. మన ఇళ్ళలో దానికి పటిక తిప్పేవారు, చిల్లగింజ అరగదీసేవారు. కాసేపటికి బురద ముద్దకట్టి అడుగుకు దిగేది. నదికి సముద్రమే పటిక. ఉప్పులోని అయాన్లు రేణువుల ఆవేశాన్ని చల్లారుస్తాయి. అవి ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి, సరిగ్గా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర దిగిపోతాయి. రేవు కట్టుకోవడానికి మనిషి ఎంచుకునే చోటూ అదే. లోపలి ఊళ్ళ సరుకు పడవల మీద దిగేదీ, సముద్రపు ఓడ ఆగేదీ అక్కడే కదా. నది ఏ చోట రేవును పుట్టిస్తుందో, ఆ చోటనే దాన్ని పూడ్చిపెడుతుంది. కొన్నివేల ఏళ్ళుగా కృష్ణా గోదావరులు ఇలా డెల్టాను ముందుకు తోస్తూనే ఉన్నాయి. పాత తీరరేఖలు ఇసుక దిబ్బల వరసలుగా ఇప్పుడు పొలాల మధ్య కనిపిస్తాయి. ఒకప్పుడు సముద్రపు కయ్యగా ఉన్న కొల్లేరు లోపల చిక్కిపోయి సరస్సైంది. ఘంటసాల వదిలిన సముద్రం ఎటూ పోలేదు. నేలే దాన్ని నెట్టుకుంటూ పోయింది.

గోదావరి పాయ మీద ఉన్న కోరంగి 18వ, 19వ శతాబ్దాల్లో ఓడలు కట్టడానికీ, బాగుచేయడానికీ పేరుపడింది. అక్కడి మెత్తటి బంకమట్టే వాళ్ళ పనిముట్టు. పోటు మీద ఓడను గుంటలోకి తెచ్చి, వెనక మట్టికట్ట వేస్తారు. నీళ్ళు తోడేస్తే ఓడ అడుగు బయటపడుతుంది. పని అయ్యాక కట్ట తెగ్గొడితే మళ్ళీ తేలుతుంది. ఇనుప తలుపులు లేని డాకు.

1789 డిసెంబరులో మూడు కెరటాల ఉప్పెన కోరంగిని ముంచింది. 1839 నవంబరులో మళ్ళీ వచ్చింది. బంగాళాఖాతం ఒడ్డున నీళ్ళు లోతు తక్కువ. తుపాను నెట్టిన నీళ్ళకు కిందికి పోయే దారి ఉండదు, పైకి లేస్తాయి. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఈ తుపానుల వివరాలు ఏళ్ళ తరబడి కూడబెట్టాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పదాన్ని చేసి 1840లలో ప్రపంచానికి ఇచ్చినవాడు ఆయనే. నావికుల కోసం రాసిన పుస్తకంలో ఆయన కోరంగి ఉప్పెననూ ఉదహరించాడు. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన కోరంగి జనం చావులు కూడా ఉన్నాయి.

ఉప్పెన తర్వాత కోరంగి మళ్ళీ లేచి నిలబడేదేమో. మేట మాత్రం వదల్లేదు. మొగ పూడుకుపోయింది, పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. అదే నది తెచ్చిన ఇసుకను, ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఏటవాలుగా కొట్టే కెరటాలు ఉత్తరానికి జరుపుకుంటూ పోయి, సుమారు 200 ఏళ్ళలో 16 కిలోమీటర్ల ఇసుక తిన్నెను పరిచాయి. దాన్నే హోప్ ఐలాండ్ అంటున్నాం. ఆ తిన్నె వెనక కెరటాల దెబ్బ తగలని నీళ్ళు కాకినాడకు దక్కాయి. కోరంగిని పూడ్చిన చెయ్యే కాకినాడకు గోడ కట్టింది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయని ఊరికే అనలేదు. ఇప్పుడు నదుల మీద ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో సముద్రం ఇళ్ళను, రోడ్డును కోసుకుపోతోంది. జమ్దానీ చీరలు నేసే ఆ ఊరివాళ్ళు ఎన్నిసార్లు వెనక్కి జరిగారో వాళ్ళనే అడగాలి.

రేవు పోయినా కోరంగి పేరు పోలేదు. బర్మాలో తెలుగువాళ్ళందరినీ, ఏ జిల్లావాళ్ళైనా సరే, 'కోరంగీ'లనేవారు. 1843లో తెలుగు కూలీలను మారిషస్ తీసుకెళ్ళిన ఓడ పేరు 'కొరింగా ప్యాకెట్'. ఒకప్పుడు సరుకు పంపిన తీరం, చివరికి మనుషులనే సరుకుగా పంపింది. మహానావిక శివకుడి ఊరినీ ఈ ఓడనూ ఒకే చరిత్రలో పెట్టి రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ రెండూ మనవే.

కోరంగి పక్కనే తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పని ఇంకా సాగుతోంది. కాకినాడలో పాత లంగరు రేవు కూడా ఉంది. విదేశాలకు బియ్యం తీసుకుపోయే పెద్ద ఓడలు అక్కడ ఒడ్డుకు రావు. దూరంగా, హోప్ ఐలాండ్ చాటు నీళ్ళలో లంగరు వేసి నిలబడతాయి. ఊళ్ళోని కాలువ గట్టున కళాసీలు బస్తాలను బార్జీలకెక్కిస్తారు. బార్జీలు కాలువ దాటి, పోటు చూసుకుని, మేటల మధ్య తవ్విన దారిలో ఓడ దగ్గరికి వెళ్తాయి. ఆ బియ్యం అక్కడి నుంచి ఆఫ్రికా పడమటి తీరానికి పోతుంది.